కళ్ళ కింది నలుపు ఎక్కడిది?

“రాత్రంతా మేలుకున్నావా ఏమిటి? కళ్ళ కింద అంత నల్లగా ఉంది!”

పరీక్షల రోజుల్లో ఈ మాట వినని విద్యార్థి ఉండరేమో. విచిత్రమేమిటంటే, ఎనిమిది గంటలు హాయిగా నిద్రపోయి లేచినవాళ్ళకు కూడా ఈ మాట తప్పదు. ఇక సలహాలకు కరువేముంది? అమ్మమ్మ కీరదోస చక్రాలు పెట్టుకోమంటుంది. పక్కింటి పిన్ని బంగాళాదుంప తురిమి రసం పూయమంటుంది. హాస్టల్లో పక్క మంచం మీది స్నేహితురాలు తాను వాడుతున్న ట్యూబే తీసి చేతిలో పెడుతుంది. “నాకు వారంలో తగ్గింది, నువ్వూ రాసి చూడు” అంటుంది.

ఈ సలహాలిచ్చేవారందరూ ఒక విషయాన్ని విచారించకుండానే ఒప్పేసుకుంటున్నారు. కళ్ళ కింది నలుపు ఒక్కటేననీ, అందరిలోనూ దాని కారణం ఒకటేననీ వారి నమ్మకం. నిజానికి అక్కడ కనిపించే నలుపు అనేక విధాలు. ఒకటి చర్మంలో ఉన్న రంగు. మరొకటి చర్మం కింద పారే రక్తం. ఇంకొకటి అసలు రంగే కాదు, ఉత్త నీడ. అద్దంలో మాత్రం అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఒకదానికి పనికొచ్చే మందు మరొకదానికి పనికిరాదు. కొన్నిసార్లు ఆ మందే నలుపును పెంచుతుంది కూడా. అందుచేత మందు సంగతి తరువాత చూద్దాం. ముందు ఆ చోటు ఎటువంటిదో తెలుసుకుందాం.

పలుచని తెర

మీ ముంజేతి మీది చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చూడండి. తరువాత కంటి కింది రెప్పను మెల్లగా తాకండి. తేడా వెంటనే తెలుస్తుంది. శరీరం మొత్తం మీద అన్నిటికంటే పలుచని చర్మం కనురెప్పలదే. దాని మందం సుమారు అర మిల్లీమీటరు, కొన్నిచోట్ల అంతకన్నా తక్కువ. పైగా ఒంటి మీద చాలా చోట్ల చర్మం కింద పరుపులా ఒక కొవ్వు పొర ఉంటుంది. కనురెప్పల కింద అది దాదాపు లేదనే చెప్పాలి. చర్మం తీసిన వెంటనే కండరమే. కంటి చుట్టూ ఉంగరంలా అమరి, మనం కన్ను మూసుకోవడానికి తోడ్పడే కండరం అది. మిగతా కండరాల్లాగే అదీ ముదురు ఎరుపు రంగులో ఉంటుంది. దాని మీదుగా సన్నని సిరలు వలలా అల్లుకుని ఉంటాయి.

పలుచని మల్లుగుడ్డ వెనుక ఎర్రని బట్ట పెడితే ఎలా ఉంటుందో ఊహించండి. కళ్ళ కింద జరిగేది కొంతవరకు అదే. అయితే ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి. వెనుక ఉన్నది ఎరుపైతే, ముందు కనిపించేది కూడా ఎరుపే కావాలి కదా! నీలమో, ఊదా రంగో, నలుపో ఎందుకు కనిపిస్తోంది?

ఎర్రని రక్తం నీలంగా ఎందుకు కనిపిస్తుంది?

మణికట్టు మీది సిరలను చూసుకోండి. నీలంగానో ఆకుపచ్చగానో కనిపిస్తాయి. పాఠ్యపుస్తకాల్లో సిరలకు నీలిరంగు వేస్తారు కాబట్టి, వాటిలో నీలి రక్తం ఉంటుందని నమ్మేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. సిరల్లోని రక్తం నీలం కాదు. ఆక్సిజన్ తగ్గిన రక్తం ముదురు ఎరుపు రంగులో ఉంటుంది, అంతే. రక్తపరీక్షకు సూదితో తీసేది సిరలోని రక్తమే. ఈసారి సిరంజీ వంక చూడండి.

మరి నీలం ఎక్కడి నుంచి వచ్చింది? చర్మం మీద పడిన తెల్లని కాంతిలో అన్ని రంగులూ ఉంటాయి. వాటిలో ఎరుపు కాంతి చర్మంలో లోతుగా చొచ్చుకుపోతుంది. నీలి కాంతి అంత లోతుకు పోలేదు. పై పొరల్లోనే చెదిరిపోయి, కొంత వెనక్కి వచ్చేస్తుంది. ఇప్పుడు చర్మం కింద కాస్త లోతులో ఒక సిర ఉందనుకుందాం. నీలి కాంతిలో ఎక్కువ భాగం సిరను చేరకముందే తిరిగి మన కంటికి వచ్చింది. ఎరుపు కాంతి సిరదాకా పోయింది, అక్కడి రక్తం అందులో కొంత భాగాన్ని మింగేసింది. పక్కన సిర లేని చోట మాత్రం ఎరుపు కాంతి మింగేవాళ్ళు లేక ఎక్కువగా తిరిగి వచ్చింది. అంటే సిర ఉన్న చోట ఎరుపు తగ్గింది, నీలం పెద్దగా తగ్గలేదు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. 1996లో కొందరు భౌతికశాస్త్రవేత్తలు “సిరలు నీలంగా ఎందుకు కనిపిస్తాయి?” అనే ప్రశ్ననే తీసుకుని, చర్మం నుంచి తిరిగి వచ్చే కాంతిని కొలిచారు. సిర మీది నుంచి వచ్చే కాంతిలో కూడా నీలం కంటే ఎరుపే ఎక్కువని తేలింది! అయినా మనకు అది నీలంగా ఎందుకు కనిపిస్తుందంటే, మన కన్నూ మెదడూ రంగును విడిగా చూడవు, పక్కనున్న దానితో పోల్చి చూస్తాయి. చుట్టుపక్కల చర్మం కంటే ఇక్కడ ఎరుపు తక్కువగా ఉంది కాబట్టి మెదడు దాన్ని నీలం అని తీర్మానిస్తుంది. కళ్ళ కింది నలుపులో మన మెదడు వాటా కూడా ఉందన్నమాట. ఈ పోలిక సంగతి గుర్తుంచుకోండి, రక్తహీనత దగ్గర మళ్ళీ అవసరమవుతుంది.

లోతు వల్ల రంగు మారడం రక్తానికే పరిమితం కాదు. అప్పుడే పుట్టిన పసిబిడ్డల నడుము కింద నీలి మచ్చ ఉండడం మన ఇళ్ళలో చాలామంది చూసే ఉంటారు. ఆ నీలానికి కారణం మెలనిన్. మెలనిన్ సొంత రంగు గోధుమ, నలుపుల మధ్య ఉంటుంది. కానీ ఆ మచ్చలో అది చర్మం లోపలి పొరలో ఉంటుంది కాబట్టి పైకి నీలంగా కనిపిస్తుంది. కళ్ళ కింద కూడా ఇంతే. మెలనిన్ పై పొరలో ఉంటే గోధుమ రంగు, లోపలి పొరలో ఉంటే బూడిద రంగు లేదా నీలి ఛాయ.

రంగు, రక్తం, నీడ

మెలనిన్ ఎక్కువ కావడానికి మొదటి కారణం వంశపారంపర్యం. ఒకే కుటుంబంలో తరతరాలుగా కళ్ళ చుట్టూ నలుపు రావడాన్ని అమెరికా వైద్యులు 1969లోనే వర్ణించారు. మనవాళ్ళ ఛాయలో మెలనిన్ సహజంగానే ఎక్కువ. సింగపూర్‌లో చేసి 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, చైనా సంతతివారిలో రక్తనాళాల వల్ల కలిగే రకం ఎక్కువగా కనిపించగా, భారత, మలయ్ సంతతివారిలో పుట్టుకతో వచ్చే వర్ణద్రవ్యపు రకం ఎక్కువగా కనిపించింది. మీ అమ్మగారి పాత ఫోటో తీసి చూడండి. మీ వయసులో ఆమెకూ అలాగే ఉంటే అది జబ్బు కాదు, మీ ముక్కు ఆకారంలాంటి ఒక పోలిక. ఏ క్రీమూ దాన్ని పూర్తిగా తుడిచివేయలేదు. ఈ మాట ఏ ప్రకటనలోనూ మీకు కనిపించదు.

రెండో కారణం నలపడం. దురద పెట్టిందని కళ్ళు పదేపదే నలిపితే అక్కడి చర్మం గాయపడిన చర్మంలా ప్రవర్తిస్తుంది. వాపు వచ్చి తగ్గిన ప్రతిసారీ కొంత మెలనిన్ మిగిలిపోతుంది. ఎండ దానికి తోడవుతుంది. మన పొలం గట్ల మీదా రోడ్ల పక్కనా విరగబూసే వయ్యారిభామ మొక్క ఇక్కడ గుర్తుకు వస్తుంది. దాని సూక్ష్మకణాలు గాలిలో ఎగిరి, పడనివారిలో చర్మవ్యాధి కలిగిస్తాయి. ఆ వ్యాధి మొదట దాడి చేసే చోట్లలో కనురెప్పలు ఒకటి.

రక్తం వల్ల వచ్చే నలుపుకూ ముక్కుకూ దగ్గర సంబంధం ఉంది. కింది రెప్పల నుంచి రక్తాన్ని తీసుకుపోయే సిరలకు, ముక్కు చుట్టుపక్కల సిరలతో కలయిక ఉంది. ఎలర్జీ వల్ల ముక్కు లోపలి పొర నెలల తరబడి ఉబ్బి ఉంటే ఆ దారిలో రక్తం సాఫీగా పోదు. వెనుక నిలిచిపోతుంది, సిరలు ఉబ్బుతాయి, కళ్ళ కింద నీలి నలుపు తేలుతుంది. పొద్దున్నే వరుసగా తుమ్ములు, ఎప్పుడూ మూసుకుపోయే ముక్కు, అరచేత్తో ముక్కును పైకి తోసుకునే అలవాటు ఉన్న పిల్లల ముఖం ఒకసారి పరిశీలించండి. వాళ్ళకు కావలసింది కళ్ళ కింద పూసే మందు కాదు, ముక్కుకు వైద్యం.

ఇక నీడ. కంటి లోపలి మూల నుంచి బుగ్గ మీదికి ఏటవాలుగా ఒక పల్లం దిగుతుంది. కొందరిలో అది లోతుగా ఉంటుంది. వయసు పెరిగినకొద్దీ, బాగా చిక్కిపోయినప్పుడూ ఇంకా లోతవుతుంది. నడినెత్తి మీద ట్యూబులైటు ఉన్న గదిలో ఆ పల్లంలోకి వెలుతురు దిగదు. ఫోటోగ్రాఫర్లు ముఖం కింద తెల్లటి అట్ట పట్టుకోమనేది ఈ నీడను పోగొట్టడానికే.

మీలో ఉన్నది ఏ రకమో కొంతవరకు మీరే కనిపెట్టవచ్చు. పగటిపూట కిటికీకి ఎదురుగా, వెలుతురు నేరుగా ముఖం మీద పడేటట్లు నిలబడి అద్దంలో చూసుకోండి. గదిలో కనిపించిన నలుపు చాలావరకు మాయమైతే అది నీడే. మాయం కాకపోతే, చేతులు కడుక్కుని, కింది రెప్ప చర్మాన్ని వేలితో మెల్లగా పక్కకు సాగదీయండి. రంగు మారకుండా అలాగే ఉంటే మెలనిన్ అని అనుమానించవచ్చు. సాగదీసినప్పుడు చర్మం మరింత పలుచనై ఊదారంగు పెరిగితే రక్తనాళాల వల్ల వచ్చిన నలుపు. అందరిలోనూ ఇంత స్పష్టంగా తేలదు. రెండు మూడు కారణాలు కలిసి ఉన్నవారే ఎక్కువ. చర్మవ్యాధి నిపుణులు ప్రత్యేకమైన దీపాలతో, భూతద్దాలతో మెలనిన్ ఏ లోతులో ఉందో చూస్తారు.

నిద్ర నేరం ఎంత?

నిద్రను పూర్తిగా నిర్దోషి అనలేం. 2013లో స్వీడన్ పరిశోధకులు పదిమందిని రెండేసి సార్లు ఫోటో తీశారు. ఒకసారి చక్కగా నిద్రపోయిన తరువాత, మరోసారి 31 గంటలు మేలుకున్న తరువాత. ఏ ఫోటో ఎప్పటిదో తెలియని 40 మందికి వాటిని చూపించారు. నిద్రలేని ముఖాల్లో రెప్పలు వాలిపోయినట్టు, కళ్ళు ఉబ్బి ఎర్రబడినట్టు, చర్మం పాలిపోయినట్టు, కళ్ళ కింద నలుపు పెరిగినట్టు వాళ్ళు గుర్తించారు. కాబట్టి నిద్ర లేకపోతే నలుపు పెరిగే మాట నిజమే. కానీ అది ఉన్నదాన్ని ఎత్తి చూపుతుంది, నాలుగు రోజులు సరిగ్గా నిద్రపోతే ఆ పెరిగిన భాగం పోతుంది. ఏళ్ళ తరబడి కదలకుండా ఉన్న నలుపును మాత్రం నిద్ర ఖాతాలో వేయడం అన్యాయం.

పాలిపోయిన చర్మం అన్నాం కదా. ఇక్కడే ఇందాకటి పోలిక సంగతి వస్తుంది. రక్తహీనత ఉన్నవారిలో ముఖం పాలిపోతుంది. కళ్ళ కింది రంగు అంతే ఉన్నా, పక్కనున్న చర్మం వెలవెలబోవడంతో అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. 15–19 ఏళ్ళ ఆడపిల్లల్లో అది 59 శాతం, మగపిల్లల్లో 31 శాతం. మెట్లెక్కితే ఆయాసం, ఊరికే అలసట, కింది రెప్ప లోపలి భాగం ఎర్రగా ఉండకుండా తెల్లబారడం వంటి లక్షణాలు కూడా ఉంటే, క్రీము కొనే డబ్బుతో ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. గర్భిణులు కాని స్త్రీలలో డెసిలీటరుకు 12 గ్రాములు, పురుషుల్లో 13 గ్రాములు ఉండాలి. తక్కువైతే డాక్టరు చెప్పిన మేరకు ఇనుము మాత్రలు వేసుకోవాలి. మాత్ర వేసుకుని వెంటనే టీ తాగితే ఇనుము సరిగా ఒంటబట్టదు. నిమ్మకాయ నీళ్ళో, జామపండో తీసుకుంటే మేలు.

ట్యూబులో ఏముంది?

ఇప్పుడు హాస్టల్ స్నేహితురాలు ఇచ్చిన ట్యూబు దగ్గరికి వద్దాం. మందుల షాపుల్లో చీటీ లేకుండా చేతులు మారే ఇటువంటి ట్యూబుల్లో చాలావాటిలో స్టీరాయిడ్ ఉంటుంది. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ వంటి పేర్లు ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఉంటాయి, చదవండి. ఇవి చెడ్డ మందులు కావు. సరైన జబ్బుకు, సరైన చోట, కొద్ది రోజులు వాడితే అద్భుతంగా పనిచేస్తాయి. వాపును అణచి, రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తాయి. కాబట్టి మొదటి వారం చర్మం తెల్లబడి, నునుపుదేరి కనిపించడం నిజమే. స్నేహితురాలు అబద్ధం చెప్పలేదు.

అసలు కథ తరువాత మొదలవుతుంది. చర్మానికి బలాన్నిచ్చే కొల్లాజెన్ తయారీని స్టీరాయిడ్ అడ్డుకుంటుంది. వారాలు, నెలలు గడిచేకొద్దీ చర్మం పలుచబడుతుంది. అసలే అర మిల్లీమీటరు ఉన్న తెర! అది ఇంకా పలుచబడితే వెనుకనున్న కండరం, సిరలు మరింత స్పష్టంగా కనిపిస్తాయి. అంటే ఏ నలుపు పోవాలని రాశారో అదే పెరుగుతుంది. మానేస్తే ముఖం ఎర్రబడి, మంట పుట్టి, మొటిమలు లేస్తాయి. భయపడి మళ్ళీ రాస్తారు. ఇంతకన్నా పెద్ద ప్రమాదం కంటికి. రెప్పల మీద చాలాకాలం రాసిన స్టీరాయిడ్ వల్ల కంటిలోపలి పీడనం పెరిగి గ్లకోమా, లేదా కంటిపొర శుక్లం రావచ్చు. గ్లకోమా నొప్పి లేకుండా చూపును కాజేస్తుంది, పోయిన చూపు తిరిగి రాదు.

ఇది ఎక్కడో ఒకరిద్దరికి జరిగేది కాదు. 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, దేశంలోని 12 కేంద్రాలకు ముఖచర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలిస్తే 433 మంది స్టీరాయిడ్ క్రీములు వాడుతున్నట్టు తేలింది. వందకు 15 మంది అన్నమాట. 2018లో కేంద్ర ప్రభుత్వం పలు స్టీరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలోకి తెచ్చింది. కౌంటరు దగ్గర ఆ చీటీ అడిగేది ఎంతమందో మీకే తెలుసు.

ఎవరు తయారుచేశారో కూడా లేబులు మీద లేని తెల్లబరిచే క్రీములది ఇంకో దారి. వాటిలో పాదరసం ఉండే అవకాశం ఉంది. మెలనిన్ తయారీకి అవసరమైన ఎంజైమును పాదరసం పనిచేయనివ్వదు. అందుకే రంగు తగ్గుతుంది. అయితే అది చర్మం గుండా లోపలికి పోయి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కేరళలోని మలప్పురం జిల్లాలో 2021–23 మధ్య ఒక అరుదైన మూత్రపిండాల వ్యాధితో వచ్చిన 15 మందిని వైద్యులు విచారిస్తే, 13 మంది అటువంటి క్రీములు వాడినవారే.

వంటింటి చిట్కాల్లో కూడా అన్నీ నిరపాయకరం కాదు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే, అందులోని కొన్ని రసాయనాలు సూర్యుని అతినీలలోహిత కిరణాలతో కలిసి చర్మాన్ని కాల్చినట్టు చేస్తాయి. ఆ మచ్చ నెలల తరబడి పోదు. పసిపిల్లల కళ్ళకు పెట్టే సుర్మాలో చాలాసార్లు సీసపు సల్ఫైడు ఉంటుంది, అది మెదడుకు విషం. కీరదోస, చల్లని టీ సంచులు మాత్రం అమాయకమైనవి. వాటి గొప్పంతా చల్లదనంలోనే ఉంది. చల్లదనానికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, వాపు దిగుతుంది, గంటో రెండు గంటలో నలుపు తగ్గినట్టుంటుంది. శుభ్రమైన గుడ్డను చల్లటి నీళ్ళలో ముంచి వేసుకున్నా ఫలితం అదే. కీరదోస తినేయవచ్చు.

ఏం చేస్తే మంచిది?

మెలనిన్ రకమైతే ఎండ నుంచి కాపాడుకోవడం అన్నిటికంటే ముఖ్యం. గొడుగు, టోపీ, చలువ కళ్ళజోడు, కళ్ళకు పడే సన్‌స్క్రీన్ చాలు. రంగు తగ్గించే మందులు వాడదలిస్తే చర్మవ్యాధి నిపుణుల పర్యవేక్షణలోనే వాడాలి, నెలలు పడుతుంది, వచ్చే ఫలితం కొంతమాత్రమే. ఎలర్జీ ఉంటే దానికి వైద్యం చేయించుకుని కళ్ళు నలపడం మానాలి. చూపు సరిగా లేక కళ్ళు నలిపేవాళ్ళూ ఉంటారు, వాళ్ళకు కావలసింది కళ్ళద్దాలు. పొద్దున లేచేసరికి కళ్ళ కింద ఉబ్బు ఉండేవారు తలగడ కాస్త ఎత్తు పెట్టుకుంటే ఉపశమనం ఉంటుంది. పల్లాన్ని నింపే ఇంజెక్షన్లు, లేజర్లు పెద్ద నగరాల్లో దొరుకుతున్నాయి. ఖర్చు సంగతి అలా ఉంచి, కంటి పక్కన ఇంజెక్షను రక్తనాళంలోకి పోతే చూపే పోయిన సందర్భాలు ఉన్నాయి. చదువుకునే వయసులో వాటి జోలికి పోనక్కరలేదని నా అభిప్రాయం.

కొన్ని సందర్భాల్లో మాత్రం ఆలస్యం చేయకూడదు. తలకు దెబ్బ తగిలిన తరువాత కొన్ని గంటల్లోనో మర్నాడో రెండు కళ్ళ చుట్టూ కమిలినట్టు నలుపు వస్తే, అది పుర్రె అడుగు ఎముక విరిగిందనడానికి గుర్తు కావచ్చు. వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. పొద్దున కళ్ళ చుట్టూ బాగా వాచి, మూత్రం నురగలు కడుతుంటే మూత్రపిండాల పరీక్ష అవసరం. ఒక్క కంటి కిందే కొత్తగా నలుపో వాపో మొదలైనా డాక్టరుకు చూపించండి.

ఇప్పటికే స్టీరాయిడ్ క్రీము నెలల తరబడి రాస్తున్నవారు ఈ వ్యాసం చదివి ఇవాళే ట్యూబు విసిరేయకండి. అకస్మాత్తుగా మానేస్తే మంట, ఎరుపు ఒక్కసారిగా విజృంభిస్తాయి. ఎలా తగ్గించుకుంటూ రావాలో చర్మవ్యాధి నిపుణులు చెబుతారు. కంటి డాక్టరు దగ్గర కంటిపీడనం కూడా ఒకసారి కొలిపించుకోండి. ఇద్దరి దగ్గరికి వెళ్ళేటప్పుడూ ఆ ట్యూబును వెంట తీసుకువెళ్ళండి, ఖాళీ అయినా సరే.